అంకె 94.. మనిషికేమో ఆయాసం!

కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇప్పటికీ మీ ఇంట్లో ఏ బీరువా అరలోనో ఉండే ఉంటుంది. ఆస్పత్రిలోనైతే రోగిని మంచం మీద పడుకోబెట్టగానే వేలికి తగిలించేది దీన్నే. తెర మీద 94 కనిపిస్తే ‘పర్లేదులే’ అనుకుంటాం. కానీ ఆ 94 అందరి విషయంలోనూ ఒకేలా నిజం కాదు.

ఇదెలా పనిచేస్తుందో ముందు చూద్దాం. క్లిప్పులోంచి ఎరుపు కాంతి, కంటికి కనిపించని పరారుణ కాంతి వేల్లోంచి ప్రసరిస్తాయి. ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఎరుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆ తేడాను బట్టే అంకె వస్తుంది. మరి చర్మం, కండ, ఎముక కూడా కాంతిని మింగుతాయి కదా? ఈ చిక్కు విప్పింది జపాన్ ఇంజినీరు టకువో అయోయాగి. 1970ల తొలినాళ్లలో ఆయన గుండె ఎంత రక్తాన్ని పంపిస్తోందో చెవి దగ్గర కాంతితో కొలవాలని చూస్తుంటే, నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత ఊగిపోయి లెక్క పాడయ్యేది. నాడితో పాటు మారేది ధమనిలోని రక్తం ఒక్కటే, చర్మమూ ఎముకా మారవని ఆయనకు తట్టింది. విసిగించిన ఆ ఊగిసలాటే కొలతకు ఆధారమైంది. మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్లు ఇంత భద్రంగా మారడంలో ఈ చిన్న పరికరానిది పెద్ద పాత్ర.

ఇంతకీ అది చూపే అంకె సరైందేనని ఎలా తేలుస్తారు? ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఆక్సిజన్ తగ్గించిన గాలిని ఇచ్చి, వారి ధమని నుంచి తీసిన రక్తం ఫలితంతో సరిపోలుస్తారు. ప్రాణాల మీదికి తెచ్చుకోలేరు కాబట్టి సాధారణంగా 70 శాతం కంటే కిందికి దించరు. అంటే ఆ కింద చూపే అంకెలు అంచనాలే. అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ వాలంటీర్లు ఎవరు? అమెరికా ఎఫ్‌డీఏ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ముదురు చర్మఛాయ గలవారు ఇద్దరో, మొత్తంలో 15 శాతమో ఉంటే చాలు. ఇద్దరు!

దాని ఫలితం 2020 డిసెంబరులో బయటపడింది. ఆక్సీమీటర్ 92-96 చూపిస్తున్నా, రక్తపరీక్షలో మాత్రం 88 కంటే తక్కువున్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతమైతే, నల్లవారిలో 11.7 శాతమని మిషిగన్ వైద్యులు తేల్చారు. కొవిడ్‌లో ఎవరిని చేర్చుకోవాలో, ఎవరికి ఆక్సిజన్ పెట్టాలో ఈ అంకెను చూసే నిర్ణయించిన రోజులవి. ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరిక జారీ చేసింది. ఎక్కువ మందిపై, అన్ని రకాల చర్మఛాయల వారిపై పరీక్షించాలంటూ 2025 జనవరిలో కొత్త ముసాయిదా తెచ్చింది.

అమెరికా లెక్కల్ని మనకు యథాతథంగా అన్వయించుకోలేం. కానీ మన ఒక్క ఇంట్లోనే ఎన్ని ఛాయలుంటాయో మీకు తెలుసు. మెలనిన్ ఎక్కడైనా మెలనినే.

అందుకే ఒక్క అంకెను కాదు, మార్పును గమనించండి. రోజూ 98 ఉండే నాన్నకు ఇవాళ 94 వచ్చిందంటే, ఎప్పుడూ 94 ఉండే మనిషికి 94 వచ్చినట్టు కాదు. చేతులు చల్లగా ఉంటే రుద్ది వేడి చేయండి. గోళ్లరంగు తీసేయండి. వేలు కదపకుండా అంకె నిలకడగా వచ్చేదాకా ఆగండి. మాట్లాడుతుంటే ఆయాసం వస్తున్నా, పెదాలు నీలం తిరిగినా, మగతగా ఉన్నా అంకె ఎంతున్నా సరే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఆస్పత్రిలో అనుమానం వస్తే ధమని రక్తంతో చేసే ఏబీజీ పరీక్ష అవసరమా అని వైద్యుణ్ని అడగండి. అడగడం తప్పేం కాదు.

ఈ పరికరం మోసపోయే చోట్లు ఇంకో రెండున్నాయి. రక్తహీనత బాగా ఉన్నా, ఉన్న కాస్త హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో నిండి ఉంటే 99 చూపిస్తుంది. గాలాడని బాత్రూంలో గ్యాస్ గీజర్ వల్ల కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పడిపోయిన మనిషికీ 98 చూపించొచ్చు. మామూలు ఆక్సీమీటర్ ఈ రెండు వాయువుల తేడాను పట్టలేదు. అప్పుడు అంకె చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆరుబయటికి తీసుకెళ్లి 108కి ఫోన్ చేయండి.

వైద్య పరికరం వల్ల ఎవరికైనా హాని జరిగిందనిపిస్తే చెప్పుకోవడానికి మన దేశంలో 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని చూస్తుంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. ఫిర్యాదు వైద్యులే చేయాలని లేదు, రోగి తరఫువారూ చేయొచ్చు. పరికరం పేరు, తయారీ సంస్థ, బ్యాచ్ నంబరు రాసిపెట్టుకోండి. అట్టపెట్టె పారేయకండి.