మెట్ట కృష్ణా కళాశాలల్లో కొనుగోలు ప్రక్రియ: సిబ్బందికి ప్రాథమిక శిక్షణ

ఉన్నత విద్యాసంస్థల్లో కొనుగోలు అనగానే అది కార్యాలయ గుమాస్తాల పని అన్న భావన స్థిరపడింది. వాస్తవానికి ప్రయోగశాలకు ఏ పరికరం కావాలో నిర్ణయించేది అధ్యాపకుడు. ఇండెంటు మీద సంతకం ఆయనదే, వచ్చిన సరుకు సరిగా ఉన్నదని ధ్రువీకరించేదీ ఆయనే. ఏళ్ల తరువాత ఆడిట్ అభ్యంతరం వెలువడినప్పుడు సంజాయిషీ కూడా ఆయననే అడుగుతారు. పదవీ విరమణ వేళ బకాయిలు లేవన్న పత్రం ఆగిపోయేది ఎక్కువగా ఇటువంటి పాత కాగితాల వల్లనే.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుండి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. ఇటువంటి చిన్న పట్టణాల కళాశాలల్లో ప్రత్యేక కొనుగోలు విభాగం ఉండడం అరుదు. గాజు సామగ్రి, రసాయనాలు, పరికరాల వర్తకులు జాతీయ రహదారికి ఒక కొసన విజయవాడలోనో, మరో కొసన హైదరాబాదులోనో ఉంటారు. అందువల్ల తెలిసిన ఒక్క వర్తకునికే ఫోను చేసి, మిగిలిన రెండు కొటేషన్లు కూడా ఆయననే తెమ్మనడం సులభమైన దారిగా కనిపిస్తుంది. మూడు కాగితాలు, ఒకే దస్తూరి, ఒకే తేదీ: ఆడిటరుకు ఇంతకంటె వేరే ఆధారం అక్కరలేదు.

కేంద్ర సంస్థల పరిశోధన ప్రాజెక్టులకు సాధారణంగా వర్తించే సాధారణ ఆర్థిక నియమాలు 2017లో వెలువడిన రూపంలో ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. 2017 నాటి రూపంలో 154వ నియమం రూ.25,000 వరకు కొటేషన్లు లేకుండానే కొనడానికి అనుమతించింది. అయితే నాణ్యత, ధర, వర్తకుని విశ్వసనీయత విషయంలో తాను స్వయంగా తృప్తి చెందినట్లు కొనుగోలుదారు ధ్రువీకరించాలి. ఆపైన రూ.2,50,000 వరకు, ‘జెమ్’ అనే ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్‌లో దొరకని వస్తువులకు, 155వ నియమం ముగ్గురు సభ్యుల స్థానిక కొనుగోలు సంఘాన్ని విధించింది. ఈ నియమం ప్రకారం సంఘం స్వయంగా బజారును పరిశీలించి ధర సమంజసమో కాదో తేల్చాలి. కొటేషన్లు పోగుచేసి సంతకాలు పెట్టడం ఆ పనికి ప్రత్యామ్నాయం కాదు. ఈ పరిమితులు కాలానుగుణంగా మారుతుంటాయి కనుక శిక్షణలో అంకెల కంటె వాటి వెనుక ఉన్న తర్కాన్ని బోధించడం మేలు. రాష్ట్ర నిధులకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక స్మృతి, ప్రభుత్వ ఉత్తర్వులు వేరుగా వర్తిస్తాయి. ఏ నిధికి ఏ నియమమో ఫైలు మొదటి పుటలోనే రాసుకోవడం మంచి అలవాటు.

157వ నియమం అవసరాన్ని ముక్కలు చేయడాన్ని నిషేధిస్తుంది. రూ.90,000 విలువైన గాజు సామగ్రిని నాలుగు బిల్లులుగా విడగొట్టడం చాలాచోట్ల దురుద్దేశంతో జరగదు. మార్చి నెలాఖరులో నిధి మురిగిపోతుందన్న తొందరే అందుకు ప్రధాన కారణం. విద్యా సంవత్సరారంభంలోనే విభాగాలవారీగా అవసరాల పట్టిక తయారైతే ఈ తొందర చాలావరకు తగ్గుతుంది.

అన్నింటికంటె కష్టమైన భాగం వస్తువు లక్షణాలను రాయడం. దీనికి పాఠం ఈ ప్రాంతపు పత్తి కొనుగోలులోనే ఉన్నది. భారత పత్తి సంస్థ తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 శాతం వరకు ధర తగ్గిస్తుంది, అది దాటితే కొనదు. ‘మంచి పత్తి’ అన్న మాటకు అక్కడ చోటు లేదు, తేమను కొలిచే యంత్రం ఉన్నది. అదే మెట్ట రైతు బిడ్డ అధ్యాపకుడై ఇండెంటులో ‘నాణ్యమైన సూక్ష్మదర్శిని’ అని రాయడం విచిత్రమే. 4, 10, 40, 100 రెట్ల వస్తు కటకాలు, దీపం రకం, వారంటీ కాలం, మరమ్మతు ఎక్కడ జరుగుతుంది అన్నవి రాస్తే వర్తకులందరూ ఒకే వస్తువుకు ధర చెప్పగలుగుతారు. కంపెనీ పేరు రాస్తే పోటీయే ఉండదు. లక్షణాలు రాయకపోతే అతి చౌకైనదే వస్తుంది, దాన్ని తిరస్కరించడానికి ఆధారమూ ఉండదు.

శిక్షణను ఉపన్యాసంగా కాక ఫైలుతో నడపడం ప్రయోజనకరం. పాత కొనుగోలు ఫైలు ఒకదానిని, పేర్లు తొలగించి, అధ్యాపకులకూ కార్యాలయ సహాయకులకూ కలిపి ఇవ్వవచ్చు. ఇండెంటు తేదీ కంటె బిల్లు తేదీ ముందున్నదా, స్టాకు రిజిస్టరు పుట సంఖ్య బిల్లుపై వేశారా, సరుకును పరీక్షించిన తరువాతే చెల్లింపు జరిగిందా అన్నది వారే వెదకాలి. ఏటా జరగవలసిన భౌతిక తనిఖీ నివేదిక ఆ ఫైలులో కనిపించకపోతే, తరువాతి అభ్యాసంగా అదే ప్రయోగశాల అలమరా తెరిచి రిజిస్టరుతో సరిచూడవచ్చు.