కన్ను చెప్పేదంతా నిజమేనా?

మీరు ఎప్పుడైనా రైలు ఎక్కారా? మన రైలు స్టేషన్లో ఆగి ఉంటుంది. పక్క పట్టాల మీద ఇంకో రైలు ఉంటుంది. కిటికీలోంచి చూస్తాం. "అమ్మయ్య, బండి కదిలింది" అనుకుంటాం. తీరా కదిలింది మన బండి కాదు, పక్క బండి! ప్లాట్‌ఫారం వైపు చూస్తే గాని సంగతి తెలీదు.

ఇలా కన్ను మోసపోవడాన్ని భ్రమ అంటారు. రైల్లో అయితే నవ్వుకుని ఊరుకుంటాం. విమానం నడిపే పైలట్‌కు భ్రమ కలిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇంట్లో చేసి చూడండి

రాత్రి గదిలో దీపం ఆర్పండి. మూలన ఒక అగరొత్తి వెలిగించి పెట్టండి. ఆ నిప్పు చుక్కనే చూస్తూ ఉండండి. కాసేపటికి అది అటూ ఇటూ జరుగుతున్నట్టు ఉంటుంది. నిజానికి అది కదల్లేదు. చీకట్లో గోడ, తలుపు ఏవీ కనపడవు. పోల్చి చూసుకోడానికి ఏమీ లేక కన్ను తికమక పడుతుంది.

రాత్రిపూట పైలట్‌కూ ఇంతే. ఒక్క నక్షత్రాన్నే చూస్తూ ఉంటే అది కదులుతున్నట్టు ఉంటుంది. అది ఇంకో విమానం అని పొరబడవచ్చు. సముద్రం మీద మరీ కష్టం. నీరు ఏదో, ఆకాశం ఏదో తెలీదు. విమానం నెమ్మదిగా పక్కకు వంగితే కంటికీ తెలీదు, ఒంటికీ తెలీదు.

అందుకే విమానంలో పరికరాలు ఉంటాయి. ఎంత ఎత్తులో ఉన్నాం, ఎటు వంగాం అన్నది అవి చూపిస్తాయి. వాటినే నమ్మాలని పైలట్లకు నేర్పుతారు.

పరికరమే చెడితే?

అది 1978 జనవరి 1. రాత్రి 8 గంటలు దాటింది. ఇప్పటి ముంబయిని అప్పుడు బొంబాయి అనేవారు. అక్కడి నుంచి దుబాయికి ఎయిర్ ఇండియా విమానం లేచింది. కింద సముద్రం. చుట్టూ చీకటి. కెప్టెన్ ముందున్న పరికరం ఒకటి చెడిపోయింది. విమానం సరిగానే ఉన్నా, కుడికి వంగినట్టు చూపించింది. ఆయన దాన్ని నమ్మి ఎడమకు తిప్పాడు. విమానం ఎడమకు ఒరిగి సముద్రంలో పడింది. అందులో ఉన్న 213 మందీ చనిపోయారు.

పగలైతే బయటికి చూస్తే తెలిసేది. ఆ రాత్రి కన్ను సాయపడలేదు. విమానంలో వేరే పరికరాలు ఉన్నాయి. వాటితో సరిచూసుకునే లోపే అంతా అయిపోయింది.

తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్ళు కావు అంటారు పెద్దలు. ఒక్క కన్నునే నమ్మినా ముప్పే, ఒక్క పరికరాన్నే నమ్మినా ముప్పే. రెండో దానితో సరిచూసుకోవాలి. రైల్లో మనం ప్లాట్‌ఫారం వైపు చూసినట్టే.

మీకు ఎప్పుడైనా ఇలాంటి భ్రమ కలిగిందా? పక్కవాళ్ళకు చెప్పండి.