రోహిణికార్తెలో కంప్యూటరు మెమొరీ

నూజివీడు ప్రాంతమున మే నెలకు రెండు విధములైన ప్రసిద్ధి కలదు. ఒకటి చిన్నరసము, రెండవది ఎండ. ఎండ లేనిదే కాయకు తీపి రాదని తోటకాపులు ఎరుగుదురు గనుక ఈ రెండింటికిని వైరము లేదు. కాని ఆ ఎండతో పొసగని వస్తువొకటి ఇటీవల మన ఇండ్లలోనికి వచ్చినది. అది కంప్యూటరు. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము తన ప్రాంగణములలో ఒకదానిని నూజివీడున నెలకొల్పిన నాటినుండి, పల్లెలనుండి వచ్చిన బాలబాలికలు వేలకొలది ఈ పట్టణమున కంప్యూటరు ఎదుట కూర్చుండి చదువుకొనుచున్నారు. పెండ్లి వీడియోలు కూర్చు స్టూడియోవారును, మామిడి కమీషను దుకాణములలో లెక్కలు వ్రాయువారును దానినే నమ్ముకొని యున్నారు. వీరిలో ఉత్సాహవంతులు కొందరు తమ యంత్రమును నియమిత వేగముకంటె ఎక్కువ వేగముతో నడపవలెనని ఉబలాటపడుదురు. దీనినే ఓవర్‌క్లాకింగ్ అందురు. ప్రాసెసరును వేగపరచుటను గూర్చి చెప్పువారు చాలమంది కలరు. మెమొరీని వేగపరచుటను గూర్చియు, అట్లు వేగపరచిన మెమొరీని మన ఎండలలో చల్లగా ఉంచుకొనుటను గూర్చియు మేమిచట ముచ్చటింపదలచితిమి.

మెమొరీ యనగా యంత్రము తాను చేయుచున్న పనిని తాత్కాలికముగా ఉంచుకొను తావు. నేటి మెమొరీలో ప్రతి గదియు ఒక ట్రాన్సిస్టరును ఒక కెపాసిటరును కలసినట్టిది. ఈ ఏర్పాటునకు ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందెను. కెపాసిటరును చిన్న ముంతగా భావింపుడు. ముంతలో విద్యుత్తు నిండియున్న ఒకటి, లేకున్న సున్న. 16 గిగాబైట్ల మెమొరీ పలకలో ఇట్టి ముంతలు 13,700 కోట్లకు పైగా ఉండును. చిక్కు ఏమనగా, ఈ ముంతలన్నియు కారునవే. నింపిన విద్యుత్తు నిలువదు. కావున యంత్రము ప్రతి ముంతను చూచి, నిండుగా ఉండవలసినదానిని తిరిగి నింపుచుండవలెను. దీనిని రిఫ్రెష్ అందురు. డి.డి.ఆర్.4 అను తరగతి మెమొరీలో ఈ ప్రదక్షిణము 64 మిల్లీసెకండ్లలో ముగియవలెను. అనగా సెకనుకు పదునైదు సార్లకు మించి మొత్తము తోటను చుట్టిరావలెనన్నమాట.

తోట అన్నమాట ఊరక వాడలేదు. క్రొత్తగా నాటిన మామిడి మొక్కలకు కుండతో నీరు పోయువానిని చూడుడు. ఎండ ముదిరినకొలది వాడు త్వరత్వరగా చుట్టిరావలెను. ఒక వరుసకు నీరు పోయుచున్నంతసేపు వానిని వేరొక పనికి పిలువరాదు. మెమొరీ స్థితియు ఇంతే. వేడి పెరిగినకొలది ముంతల కారుడు హెచ్చును. స్థూలముగా చెప్పినచో పది డిగ్రీలు పెరిగినప్పుడెల్ల విద్యుత్తు నిలుచు కాలము సగమగును. అందుచేతనే 85 డిగ్రీలు దాటినచో రిఫ్రెష్ గడువును 64నుండి 32 మిల్లీసెకండ్లకు తగ్గించవలెనని ప్రమాణములు విధించుచున్నవి. తరువాతి తరగతియగు డి.డి.ఆర్.5లో మామూలు గడువే 32. రిఫ్రెష్ జరుగుచున్నంతసేపు ఆ భాగమున చదువుట గాని వ్రాయుట గాని సాగదు.

చలువ యొక్క ప్రభావము ఎంతటిదో 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన ప్రయోగము చక్కగా చూపినది. వారు మెమొరీ పలకను సున్నకు దిగువ ఏబది డిగ్రీల వరకు చల్లార్చి, కరెంటు తీసివేసి, పది నిమిషములు ఉంచి, తరువాత చదివిరి. నూటికి ఒక పాలు కూడ చెరుగలేదు. దొంగకు పనికివచ్చు ఉపాయమని భద్రతానిపుణులు దిగులుపడినారు గాని, చలిలో ముంత కారదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఇచట చిన్న ముచ్చట. వేడికిని మెమొరీకిని గల తగవు నేటిది కాదు. 1960 ప్రాంతమున బొంబాయిలోని టాటా పరిశోధనాలయమున నిర్మించిన టిఫ్రాక్ అను కంప్యూటరులో ఫెర్రైటు ఉంగరములతో కూర్చిన మెమొరీ ఉండెడిది. ఆ ఉంగరములు అయస్కాంతములు గనుక కారునవి కావు. రిఫ్రెష్‌తో పని లేదు. అయినను ఆ తరగతి మెమొరీ ఉష్ణోగ్రత మారినచో మొండికేయును. విదేశములలో కొన్ని యంత్రములయందు ఉంగరముల చట్రమును నూనెలో ముంచి, ఒకే ఉష్ణోగ్రతలో నిలిపెడివారు. ఊరగాయ జాడీ మనకు జ్ఞప్తికి వచ్చిన తప్పు లేదు.

ఇక వేగపరచుట మాట. మెమొరీ వేగమును నిర్ణయించునవి ముఖ్యముగా మూడు: సెకనుకు ఎన్ని బదిలీలు జరుగునను లెక్క, అడిగిన తరువాత జవాబు వచ్చులోపల పట్టు ఆలస్యము, పలకకు ఇచ్చు వోల్టేజి. దుకాణమున కొన్న డి.డి.ఆర్.5 పెట్టెపై 6000 అని వ్రాసియుండవచ్చును. అనగా సెకనుకు 600 కోట్ల బదిలీలు. కాని ఇంటికి తెచ్చి అమర్చగనే అది ఆ వేగమున నడువదు. 4800 వంటి ప్రామాణిక వేగమునే నడచును. యంత్రము మేలుకొనునప్పటి అమరికలలోనికి పోయి ఎక్స్.ఎం.పి. అనునది గాని ఎక్స్‌పో అనునది గాని చేతితో ఆన్ చేసిననే పెట్టెపై వ్రాసిన వేగము లభించును. మొదటిది ఇంటెల్ వారు 2007లోను, రెండవది ఎ.ఎం.డి. వారు 2022లోను ప్రవేశపెట్టినవి. కావున ఈ మీటను నొక్కినవారందరు, తమకు తెలిసినను తెలియకున్నను, ఓవర్‌క్లాకింగ్ చేసినవారే.

లాభము ఎంత? 4800 వేగమున నలుబది క్లాకుల ఆలస్యము గల పలక జవాబు ఈయ మొదలిడుటకు 16.7 నానోసెకండ్లు పట్టును. 6000 వేగమున ముప్పది క్లాకులైనచో సరిగా 10 నానోసెకండ్లు. ఇది చిన్న లాభము కాదు. కాని జమ వ్రాసినప్పుడు ఖర్చును కూడ వ్రాయవలెను. ప్రామాణిక వోల్టేజి 1.1 కాగా, ఆ వేగమునకు తరచుగా 1.35 ఈయవలసివచ్చును. పుట్టు వేడి వోల్టేజి వర్గమును బట్టియు వేగమును బట్టియు పెరుగును. వోల్టేజివలన ఒకటిన్నర రెట్లు, వేగమువలన ఒకటింబావు రెట్లు; రెండును గుణించిన దాదాపు 1.9 రెట్లు. ఇది స్థూల గణితమే. మెమొరీ వేడి యంతయు ఈ సూత్రమునకు లొంగదు. అయినను వేగము పావువంతు పెరిగినప్పుడు వేడి ఇంచుమించు రెట్టింపగుట గమనింపదగినది. పైగా డి.డి.ఆర్.5లో వోల్టేజిని సరిచేయు చిప్పును కూడ పలకమీదనే ఉంచినారు. దాని వేడియు అక్కడనే.

మరికొందరు ఇంతటితో తృప్తిచెందక రిఫ్రెష్ వ్యవధినే పొడిగించుదురు. నీరు పోయువాడు తక్కువసార్లు తిరిగినచో వేరే పనికి తీరిక దొరకునను ఆలోచన. చలికాలమున ఇది చక్కగా సాగును. సంక్రాంతి రాత్రి చేసిన ఈ అమరిక రోహిణికార్తె మధ్యాహ్నమున ఏమగునో ఊహింపవచ్చును. రోళ్ళు పగులు ఎండలో ముంతలు ఎండకుండునా?

ముఖ్యమైన విషయము ఇది. విదేశీయులు వ్రాసిన సలహాలను మనవారు చదివి అట్లే ఆచరించుదురు. అవి ఇరువది డిగ్రీల గదిలో కూర్చుండి వ్రాసినవి. పలక తన చుట్టునున్న గాలికంటె ఇన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కును గాని, ఎల్లచోట్ల ఒకే అంకెకు చేరదు. ఇరువది డిగ్రీల గదిలో పలక 45 చూపినచో, అదే పని నలుబది డిగ్రీల గదిలో చేసిన 65 చూపును. గాలిపంకా ఎంత బలమైనదైనను పలకను గదికంటె చల్లగా చేయజాలదు. అది తేడాను తగ్గించునే కాని గాలిని మార్చదు. కూజాలో నీరు గదికంటె చల్లబడుటకు కారణము ఆవిరి. ఆ ఉపాయము యంత్రమునకు కూడదు. కూలరు గదిని చల్లబరచుట మంచిదే గాని, దాని తడిగాలిని సూటిగా కంప్యూటరు పెట్టెలోనికి పంపుట మంచిది కాదు.

మరి చేయదగినదేమి? పెట్టె ముందునుండి గాలి లోనికి వచ్చి, వెనుకనుండి పోవునట్లు దారి ఉండవలెను. గోడకు ఆనించి, బీరువా సందున దూర్చిన పెట్టెకు ఎన్ని పంకాలున్నను ప్రయోజనము లేదు. గ్రాఫిక్సు కార్డు ఉన్నచో దాని వేడిగాలి మెమొరీ పలకలమీదికే లేచును. పలకలకెదురుగా నెమ్మదిగా తిరుగు చిన్న పంకా ఒకటి అమర్చినచో ఆ వేడి తొలగును. పలకలపై తొడుగు రేకులు కొంతవరకు ఉపకరించును, కాని గాలి ఆడని చోట రేకు అలంకారమే. రంగురంగుల దీపములు గల పలకలకు ఎక్కువ వెల పెట్టుట మాకు రుచింపదు. దీపములు కొంత వేడిని చేర్చునే గాని తీసివేయవు. నాలుగు పలకలను ఒకదాని ప్రక్క నొకటి ఇరికించినప్పుడు నడిమివి ఎక్కువ వేడెక్కును. కాయలను గడ్డిలో మాగవేసినప్పుడును పండ్లు తమ శ్వాసతోనే వేడి పుట్టించుకొనును. గాలి సోకని నడిమి కాయలు ముందుగా మెత్తబడుట మనకు క్రొత్త గాదు. రెండు పలకలతో అంతే మెమొరీ లభించునప్పుడు నాలుగు కొనరాదు. ఎఱ్ఱనేల ధూళిని నెలకొకసారి బ్రష్షుతో తుడువవలెను. వేసవిలో ఇంకను తరచుగా.

వేడెక్కిన మెమొరీ ఆగిపోయినచో అదృష్టమే. ఆగక తప్పు చెప్పుటలోనే అపాయము కలదు. 2003లో బెల్జియము దేశమున స్కార్‌బేక్ అనుచోట జరిగిన ఎన్నికలలో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు ఎక్కువ వచ్చినవి. పొందుటకు వీలులేని సంఖ్య గనుక అనుమానము కలిగి తిరిగి లెక్కించిరి. కార్యక్రమములో దోషము కనబడలేదు. 4096 అనునది రెండును పండ్రెండు సార్లు గుణించిన వచ్చు సంఖ్య. అనగా ఒక్క బిట్టు సున్ననుండి ఒకటిగా మారినచో చేరు మొత్తము. మెమొరీలో ఒక ముంత తనంతట తారుమారైనదని నిపుణులు తేల్చిరి. అక్కడ ఓవర్‌క్లాకింగ్ లేదు, ఎండయు లేదు. అదే బిట్టు కమీషను దుకాణపు చిట్టాలో ఒక రైతు పేరున తారుమారైనచో 4096 రూపాయలు మాయమగును. అది అసంభవమైన సంఖ్య కాదు గనుక ఎవరికిని అనుమానము కూడ కలుగదు. విద్యార్థి సంవత్సరము పొడుగున వ్రాసిన ప్రాజెక్టు పాడైన ప్రతియే డిస్కులో భద్రపడును, మంచిదానిపైననే.

వేడియే సర్వదోషములకు మూలమని మేము చెప్పుట లేదు. గూగుల్ సంస్థ సర్వర్లపై జరిపి 2009లో ప్రకటించిన పరిశీలనలో, నూటికి ఎనిమిదికి పైగా పలకలలో ఏడాదికి ఒక్కసారియైనను తప్పు కనబడినది. కాని ఉష్ణోగ్రత ప్రభావము అనుకొన్నంత లేదని తేలినది. అయితే ఆ యంత్రములు ప్రామాణిక వేగమున నడచునవి. వానికి వెసులుబాటు ఉన్నది. మనము ఓవర్‌క్లాక్ చేయుట యనగా ఆ వెసులుబాటునే తినివేయుట. సర్వర్లలో తప్పును పట్టి దిద్దు ఇ.సి.సి. మెమొరీ వాడుదురు, దాని మూలసూత్రము బెల్ పరిశోధనాలయమున రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించినదే. డి.డి.ఆర్.5 చిప్పులలో ఇట్టి సవరణ కొంత లోపల కలదు గాని, అది చిప్పునుండి ప్రాసెసరు వరకు గల దారిలో పుట్టు తప్పులను కాపాడదు. వేగము పెంచినప్పుడు తప్పులు పుట్టుచోట్లలో ఆ దారియు ఒకటి.

ల్యాప్‌టాప్ గల విద్యార్థులకు ఒక మాట చాలును. వానిలో చాలవాటికి మెమొరీ వేగమును మార్చు అవకాశమే ఉండదు. పరుపుపై గాక బల్లపై ఉంచి, అడుగున గాలి ఆడనిచ్చిన చాలును.

మెమొరీని వేగపరచుట ఎవరికి తగును? ఆటలాడువారికిని, కొన్ని లెక్కపనులు చేయువారికిని లాభము కనబడును. చిట్టాలు వ్రాయువారికి ఏమియు కనబడదు. వీడియోలు కూర్చువారు 8 గిగాబైట్లతో తంటాలు పడుచున్నచో, వేగము పెంచుటకంటె 16కో 32కో పెంచుట మేలని మా అభిప్రాయము.

అయినను చేసితీరుదుమనువారు పరీక్షను మాత్రము మానరాదు. మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షా కార్యక్రమమును రాత్రి చల్లదనమున గాక, మే నెలలో మధ్యాహ్నము రెండు గంటలకు మొదలిడవలెను. అది గ్రాఫిక్సు కార్డును వేడెక్కింపదు గనుక, మరునాడు అదే వేళకు బరువైన పని ఒకటి రెండు గంటలు నడిపి, డి.డి.ఆర్.5 పలకలలో అమర్చియుండు ఉష్ణమాపకము చూపు అంకెను గమనింపవలెను. ఒక్క తప్పు కనబడినను అది ఒకటే కదా యని ఊరకొనరాదు. మొదట పొడిగించిన రిఫ్రెష్ వ్యవధిని యథాస్థితికి తేవలెను. అప్పటికిని తప్పు వచ్చినచో వేగమును ఒక మెట్టు దింపి మరల పరీక్షింపవలెను. వోల్టేజి పెంచి తప్పును అణచుట చలిప్రదేశములవారి పద్ధతి; మనకు అది వేడిని పెంచి మరల మొదటికే తెచ్చును. పరీక్ష పూర్తి యగువరకు ముఖ్యమైన ఫైళ్ళను ఆ యంత్రమున తెరువరాదు. నిలిచిన అమరికలను, పరీక్షించిన తేదీని, అప్పటి గది ఉష్ణోగ్రతను ఒక కాగితముపై వ్రాసి పెట్టె తలుపు లోపలివైపున అతికించి యుంచినచో, మరమ్మతు చేయువానికి సగము పని తగ్గును.