గింజల లెక్క, పిండి లెక్క

"పాలలో కంటే నువ్వుల్లో ఎనిమిది రెట్లు ఎక్కువ కాల్షియం!" అన్న సందేశం మీ ఫోనుకీ వచ్చే వుంటుంది. దాని వెనకాలే అవిసె గింజల గురించి, చియా గురించి, గుమ్మడి గింజల గురించి మరో నాలుగు వస్తాయి. ఇంకేముంది, ఆ వారాంతం స్టోరుకి వెళ్ళి రెండు మూడు సంచులు కొనేస్తాం. పిల్లలు ఇష్టపడే మఫిన్ల మీద గుప్పెడు చల్లి, హమ్మయ్య, ఈ వారానికి పోషకాహారం పెట్టేశాం అనుకుంటాం.

వృత్తిరీత్యా నాకు అంకెలు కనబడితే ఎక్సెల్ షీటు తెరవకుండా వుండలేని జబ్బు వుంది. అమెరికా వ్యవసాయ శాఖ వారి ఆహార పట్టికలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మన రాగులు, జొన్నల వంటివాటికి హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు వున్నాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, మన వంటింటి గింజల్లోనూ బేకింగ్ సామానులోనూ ఆశ్చర్యపరిచే సంగతులు చాలానే బయటపడతాయి.

ముందు నువ్వుల సంగతే చూద్దాం. ఆ సందేశం అబద్ధం కాదు. 100 గ్రాముల పొట్టు తీయని నువ్వుల్లో సుమారు 975 మిల్లీగ్రాముల కాల్షియం వుంటుంది. 100 గ్రాముల పాలలో వుండేది 115 లోపే. కానీ ఆ కాల్షియం దాదాపు అంతా పొట్టులోనే వుంటుంది. పొట్టు తీసేసిన నువ్వుపప్పులో అమెరికా పట్టిక ప్రకారం మిగిలేది 60 మిల్లీగ్రాములు. బర్గర్ బన్ను మీద, బేగెల్ మీద తెల్లగా మెరిసే నువ్వులు చాలావరకు ఈ రకమే! ఇక పొట్టుతో తిన్నా, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టుకుని కొంత భాగం ఒంటికి పట్టనివ్వవు. పాలకూరతో వచ్చే చిక్కూ ఇదే.

పైగా పాలు గ్లాసుతో తాగుతాం, నువ్వులు చెంచాతో తింటాం. గ్లాసు పాలలో దాదాపు 300 మిల్లీగ్రాములు వస్తే, టేబుల్ స్పూన్ నువ్వులు తూగేది 9 గ్రాములు, వాటిలో వచ్చేది 88. కాబట్టి పాలు మానేసి నువ్వుల మీద ఆధారపడదాం అనుకునేవాళ్ళు ఒకసారి ఆగి ఆలోచించాలి. నువ్వులు వద్దని కాదు సుమా! ఇనుము, మంచి కొవ్వులు, మాంసకృత్తులు వున్న గింజ అది. పొట్టు తీయని నువ్వులతో చేసిన చిమ్మిలి వుండ ఒకటి, బన్ను మీద చల్లిన తెల్ల నువ్వుల కంటే వందరెట్లు మేలని నా అభిప్రాయం.

అవిసె గింజలది ఇంకో కథ. టేబుల్ స్పూన్ గింజల్లో రెండు గ్రాములకు పైగా ఒమేగా-3 కొవ్వు వుంటుంది. శాకాహారులకి ఇది పెద్ద వరం. అయితే గింజ గింజగా మింగితే చాలావరకు ఎలా వెళ్ళినది అలాగే బయటికి వచ్చేస్తుంది. పొడి చేస్తేనే ప్రయోజనం. మన అమ్మమ్మలు వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి దంచి అవిసెల కారం చేశారంటే ఊరికే చేయలేదన్నమాట. పొడి చేశాక ఫ్రిజ్‌లో పెట్టండి, బయట వుంచితే ఆ నూనె తొందరగా కంపు కొడుతుంది.

చియా, సబ్జా ఒకటే అనుకునేవాళ్ళు మనలో చాలామంది. నీళ్ళలో వేస్తే రెండూ జెల్లీలా ఉబ్బుతాయి గానీ, సబ్జా తులసి జాతి మొక్క గింజ, చియా మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల పంట. చియాలో 100 గ్రాములకి 34 గ్రాముల పీచు, 631 మిల్లీగ్రాముల కాల్షియం. ఆ అంకెలు చూసి సబ్జా సీసా మీద అతికించకూడదు. గసగసాల్లో కాల్షియం వీటన్నిటి కంటే ఎక్కువ, 1,400 దాటుతుంది. అయితే వాటితో వేరే ప్రమాదం వుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు దుబాయ్ మీదుగానో సింగపూర్ మీదుగానో వస్తుంటే సూట్‌కేసులో గసగసాల పొట్లం పెట్టుకోకండి. అక్కడ అది మాదకద్రవ్యాల చట్టం కిందకి వస్తుంది!

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. డజను అరటిపండు మఫిన్లకి సాధారణంగా పడేవి: రెండు కప్పుల మైదా (250 గ్రాములు), ముప్పావు కప్పు పంచదార, అరకప్పు నూనె, రెండు గుడ్లు, మూడు అరటిపళ్ళు. ఒక్కో మఫిన్‌కి సుమారు 243 క్యాలరీలు, 1.3 గ్రాముల పీచు వస్తాయి. వీటి మీద టేబుల్ స్పూన్ నువ్వులు చల్లారనుకోండి. ఆ స్పూనుని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కో మఫిన్‌కి అదనంగా దక్కే పీచు 0.1 గ్రాము కూడా వుండదు. అది అలంకారం, ఆహారం కాదు.

అదే మఫిన్‌లో ఒక కప్పు మైదా తీసి ఒక కప్పు గోధుమపిండి వేయండి. పావుకప్పు అవిసె పొడి కలపండి. పంచదార అరకప్పుకి, నూనె పావుకప్పుకి తగ్గించండి. (అరటిపళ్ళు బాగా మగ్గినవైతే పిల్లలు కనిపెట్టలేరు. మా ఇంట్లో పెద్దది కనిపెట్టింది, చిన్నవాడు పట్టించుకోలేదు.) ఇప్పుడు ఒక్కోదానికి 195 క్యాలరీలు, 2.7 గ్రాముల పీచు. పీచు రెట్టింపయింది, మఫిన్‌కి అరగ్రాము ఒమేగా-3 కూడా వచ్చింది. పిండి మారితే, తీపి తగ్గితే ఇంత తేడా వస్తుంది. పైన చల్లితే రాదు.

గుడ్డు తినని ఇళ్ళలో టేబుల్ స్పూన్ అవిసె పొడిని మూడు స్పూన్ల నీళ్ళలో నానబెట్టి గుడ్డు బదులు వాడతారు. జిగురు చక్కగా కుదురుతుంది. అయితే గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులుంటే ఈ స్పూను పొడిలో ఒకటిన్నర గ్రాములైనా వుండవు. మఫిన్ విరిగిపోకుండా కాపాడుతుంది, గుడ్డు ఇచ్చే బలం మాత్రం ఇవ్వదు.

ఇంతసేపూ మైదాని తిట్టాను కాబట్టి, దాని తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఇక్కడి స్టోర్లలో 'ఎన్‌రిచ్డ్' అని రాసి వుండే మైదాలో ఇనుము, బి విటమిన్లు, ఫోలిక్ ఆమ్లం కలుపుతారు. 1998 నుంచి ఈ పిండిలో ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. గర్భంలో శిశువు వెన్నుపాము, మెదడు ఏర్పడే తొలి వారాల్లో తల్లికి అది చాలా అవసరం. చాలామందికి గర్భం వచ్చిందని తెలిసేలోపే ఆ వారాలు గడిచిపోతాయి, అందుకే రోజూ తినే పిండిలోనే కలిపారు. ఇలా కలిపిన మైదాలో 100 గ్రాములకి ఇనుము 4.6 మిల్లీగ్రాములు, కలపనిదానిలో 1.2 మాత్రమే. దిగుమతి అయిన మైదా సంచి మీద, బాదం పిండి ప్యాకెట్ మీద ఈ పదార్థాల పేర్లు వున్నాయో లేవో చూడండి. మైదా పూర్తిగా మానేసి బాదం పిండికో బియ్యప్పిండికో మారిన ఇంట్లో కొత్తగా పెళ్ళయిన అమ్మాయి వుంటే, ఫోలిక్ ఆమ్లం మాత్ర గురించి డాక్టరుని తప్పకుండా అడగాలి.

బాదం పిండి గురించి మరో మాట. పావుకప్పులో 160 క్యాలరీలు దాటుతాయి, మైదాలో 110. మాంసకృత్తులు, పీచు ఎక్కువ, నిజమే. 'ఆరోగ్యకరమైనదే కదా' అని రెండు ముక్కలు ఎక్కువ తింటే ఆ లాభం అక్కడికక్కడే సరిపోతుంది. నన్నడిగితే ఆ డబ్బుతో రాగిపిండి కొంటాను. 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం వుంది, ధర మూడోవంతు కూడా వుండదు. కాకపోతే రాగిలో గ్లూటెన్ లేదు, అంతా రాగితోనే చేస్తే కేకు పొడిపొడిగా రాలిపోతుంది. మూడోవంతు రాగి, మిగతాది గోధుమ వేస్తే కుదురుతుంది.

పిల్లలూ, ఇది మీకోసం! ఈసారి అమ్మో నాన్నో కుకీలు చేస్తుంటే పొద్దుతిరుగుడు గింజల వెన్న వేయమనండి. బేకింగ్ సోడా పడిన ఆ కుకీ చల్లారాక తుంచి చూస్తే లోపల పచ్చగా కనిపిస్తుంది. భయపడకండి, బూజు కాదు. ఆ గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం క్షారమైన సోడాతో కలిసి రంగు మారుతుంది. నిశ్చింతగా తినొచ్చు. రంగు వద్దనుకుంటే పిండిలో కాస్త నిమ్మరసం పిండండి. సైన్స్ ఫెయిర్‌కి పనికొచ్చే సరుకిది!

చివరగా, మన సంఘం విందుల్లో అందరం పట్టించుకోవాల్సిన సంగతి ఒకటుంది. కొందరు పిల్లలకి నువ్వులు పడవు. కొద్దిగా తిన్నా ఊపిరాడని పరిస్థితి రావచ్చు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం 2023 జనవరి 1 నుంచి అమెరికాలో ప్యాకెట్ల మీద నువ్వుల పేరు స్పష్టంగా రాయాలి. పాలు, గుడ్లు, వేరుశనగల వంటి ఎనిమిదింటి సరసన నువ్వులు తొమ్మిదోవి అయ్యాయి. విచిత్రమేమిటంటే, యంత్రాలను నువ్వులు తగలకుండా శుభ్రం చేయటం కష్టమని కొన్ని బేకరీ కంపెనీలు అసలు లేని రొట్టెల్లోకి కావాలని కొంచెం నువ్వుల పిండి కలిపి, లేబుల్ మీద రాసేశాయి! అందుకే అలర్జీ వున్న పిల్లల ఇళ్ళలో పాత బ్రాండే అయినా లేబుల్ మళ్ళీ చదవాల్సి వస్తోంది.

మన వంటలకి లేబుల్ వుండదు. సకినాల్లో, అరిసెల మీద నువ్వులు కంటికి కనిపిస్తాయి. గుత్తివంకాయ మసాలాలో, కొందరి పులిహోరలో, నువ్వుల నూనెతో పెట్టిన ఆవకాయలో కనిపించవు. ఈ సంక్రాంతి విందుకి మీరు తెచ్చే ట్రే పక్కన చిన్న కాగితం పెట్టి, వంట పేరు కింద నువ్వులు, వేరుశనగ, జీడిపప్పు, బాదం, పాలు, గుడ్లు, గోధుమ, సోయా, వీటిలో ఏవి వేశారో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. చేపలు, రొయ్యలు వుంటే అవి కూడా. పిల్లల ఎత్తులో కనబడేలా, పెద్ద అక్షరాలతో.