చంటిబిడ్డల జలుబును తేలికగా తీసుకోరాదు
శ్వాసను లెక్కించడమే తొలి రక్షణ

నంద్యాల: వానాకాలం చివరి నుండి చలికాలం ముగిసే వరకు దగ్గు, జలుబు, జ్వరాలతో ఆసుపత్రులకు వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతుంది. పెద్దలలో కొద్ది రోజులలో తగ్గిపోయే జలుబే చంటిబిడ్డలలో ప్రాణాపాయానికి దారితీయవచ్చు. వైరస్ ఒకటే అయినప్పటికీ, వయస్సును బట్టి వ్యాధి స్వరూపం మారడమే ఇందుకు కారణం.

శిశువు శ్వాసనాళాలు చాలా సన్ననివి. వాటిలో కొద్దిపాటి వాపు వచ్చినా, కఫం చేరినా గాలి ప్రసరణకు తీవ్ర ఆటంకం కలుగుతుంది. తొలి నెలలలో శిశువు ప్రధానంగా ముక్కుతోనే గాలి పీలుస్తుంది. కావున ముక్కు మూసుకుపోతే పాలు త్రాగడం కూడా కష్టమవుతుంది.

వైరస్‌ను బట్టి తేడాలు

రెండేళ్లలోపు పిల్లలలో ఆర్.ఎస్.వి. అనే వైరస్ చిన్న శ్వాసనాళాలకు సోకి ఆయాసం, పిల్లికూతలు కలిగిస్తుంది. నెలలు నిండక పుట్టిన శిశువులకు, పుట్టుకతో గుండెజబ్బు ఉన్నవారికి దీనివలన ముప్పు ఎక్కువ. పారాఇన్‌ఫ్లూయెంజా సోకితే గొంతు బొంగురుపోయి, కుక్క మొరిగినట్లు దగ్గు వస్తుంది. ఇన్‌ఫ్లూయెంజాలో అకస్మాత్తుగా అధిక జ్వరం, ఒళ్లునొప్పులు కనిపిస్తాయి. ఎడినోవైరస్‌లో జ్వరంతో పాటు కళ్లు ఎర్రబడవచ్చు. 2025 జనవరిలో వార్తలలోకి వచ్చిన హెచ్.ఎం.పి.వి. కొత్త వైరస్ కాదు. దానిని 2001లోనే నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. అయితే లక్షణాలను బట్టి మాత్రమే వైరస్‌ను నిర్ధారించడం సాధ్యం కాదు.

ప్రమాద సూచనలు

వైరస్ పేరు తెలియకపోయినా ప్రమాదాన్ని గుర్తించవచ్చు. బిడ్డ ప్రశాంతంగా ఉన్న సమయంలో పూర్తి ఒక నిమిషం పాటు శ్వాసను లెక్కించాలి. రెండు నెలలలోపు శిశువులలో 60 లేక అంతకు మించి, రెండు నెలల నుండి ఏడాదిలోపు 50 లేక అంతకు మించి, ఏడాది నుండి అయిదేళ్లలోపు 40 లేక అంతకు మించి ఉంటే అది వేగవంతమైన శ్వాస. డొక్కలు ఎగరవేయడం, పాలు త్రాగలేకపోవడం, పెదవులు నీలిరంగుకు మారడం, మగత, మూర్ఛ కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు. రెండు నెలలలోపు శిశువుకు జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా వెంటనే వైద్యునికి చూపించాలి.

ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరం. నల్లమల అంచు గ్రామాల వారికి ప్రయాణం మరింత ఎక్కువ. కావున రాత్రి వరకు వేచి చూడక, తొలి సూచన కనిపించగానే సమీప ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లడం లేదా 108కు ఫోన్ చేయడం శ్రేయస్కరం.

చికిత్స, నివారణ

వైరస్‌పై యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. వైద్యుని సలహా లేనిదే వాటిని, దగ్గు మందులను వాడరాదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. ఏడాదిలోపు శిశువుకు తేనె నాకించరాదు. తల్లిపాలు కొద్దికొద్దిగా, తరచుగా పట్టాలి.

వైరస్ సోకిన ఊపిరితిత్తులపై బాక్టీరియా దాడి చేసి న్యుమోనియా కలిగించవచ్చు. సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఉచితంగా ఇచ్చే పెంటావాలెంట్, న్యుమోకాకల్ టీకాలు ఈ ముప్పును తగ్గిస్తాయి. పెంటావాలెంట్ 6, 10, 14 వారాలలోను, న్యుమోకాకల్ 6, 14 వారాలు, 9 నెలలలోను వేయించాలి. తొలి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం, పొయ్యి పొగకు, బీడీ, సిగరెట్ పొగకు బిడ్డను దూరంగా ఉంచడం, జలుబు ఉన్నవారు శిశువును ముద్దాడకపోవడం ఖర్చులేని రక్షణ మార్గాలు.

ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రతి తల్లికి శ్వాసను లెక్కించడం నేర్పితే, పత్రికలు ఈ అంకెలను గ్రామాలకు చేరవేస్తే, పలువురు పసివారిని సకాలంలో ఆసుపత్రికి చేర్చడం సాధ్యమవుతుంది.