ఏసీకి ప్రీమియం కట్టాలా?

పొదిలిలో బీమా పాలసీలు అమ్ముకుని బతికే మనిషిని. అందుకే ఎవరైనా ఫోన్ చేసి "సార్, ఏఎంసీ తీసుకోండి, మీ ఏసీకి ఏడాదంతా నిశ్చింత" అంటే నాకు కోపం రాదు. నేనూ రోజూ చేసే పనే అది. కాకపోతే ఆ మాట వినగానే ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇందులో సర్వీసు ఎంత, బీమా ఎంత? ఏఎంసీ అనే వార్షిక ఒప్పందంలో ఈ రెండూ ఒకే మూటగా కట్టి అమ్ముతారు. మూట విప్పితేగాని బేరం తెలియదు.

ముందు సర్వీసు సంగతి. ఎప్పుడు కావాలో, ఎంతవుతుందో తెలిసిన ఖర్చు ఇది. మా ఇంటికొచ్చే కుర్రాడు లోపలి యూనిట్ కింద ప్లాస్టిక్ కవరు తగిలించి, దాని కొస బకెట్లోకి వదిలి, చిన్న మోటారు పంపుతో కాయిల్ మీద నీళ్లు కొడతాడు. మొదటి బకెట్ కాఫీ డికాషన్ రంగులో దిగుతుంది. తర్వాత మేడెక్కి బయటి యూనిట్ కడుగుతాడు. ఒంగోలు రోడ్డు మీద లారీలు లేపే దుమ్మంతా ఆ సన్నటి రేకుల సందుల్లో మెత్తుకుని ఉంటుంది. అది ఉన్నంతకాలం గదిలోని వేడి బయటికి సరిగా పోదు, కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. ఈ పనికి అతను తీసుకునేది 600. ఎండలకు ముందొకసారి, ఎండలయ్యాక ఒకసారి, ఏడాదికి 1,200.

ఇక బీమా. విడిభాగాలు, గ్యాసుతో సహా అన్నీ చూసే ఒప్పందానికి నాకు చెప్పిన ధర 4,500. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 5,310. అందులోంచి సర్వీసుల 1,200 తీసేయండి. మిగిలిన 4,110 అసలు ప్రీమియం. ఐదేళ్లకు 20,550. ధర పెంచరనుకుని వేసిన లెక్క ఇది. ఆ ఐదేళ్లలో అంత రిపేరు వస్తుందా?

ఏసీలో ఖరీదైనది కంప్రెసర్. దానికి చాలా కంపెనీలు ఐదు నుంచి పదేళ్ల వారంటీ ఇస్తున్నాయి. మొదటి ఏడాది దాటాక మాత్రం గ్యాసు, కూలి సాధారణంగా మన మీదే పడతాయి. మిగిలిన పెద్ద ఖర్చులు రెండు: గ్యాసు లీకు, ఇన్వర్టర్ ఏసీలో ఎలక్ట్రానిక్ బోర్డు. "గ్యాసు ఏటా నింపుకోవాలి" అనేవారిని నమ్మకండి. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందు లీకు పట్టాలి, తర్వాతే నింపాలి.

బోర్డుకు మన ఊళ్లో శత్రువులు ఇద్దరు: ఎగిరిపడే వోల్టేజీ, బల్లి. "బల్లి దూరి బోర్డు కాలితే మీరు మారుస్తారా అమ్మా?" అని ఫోన్ చేసినమ్మాయిని అడిగాను. "కనుక్కుని చెప్తాను సార్" అంది. చాలా ఒప్పందాలు వోల్టేజీ, ఎలుకలు, బల్లుల వల్ల జరిగే నష్టాన్ని బయటి కారణాల కింద తీసేస్తాయి. ప్లాస్టిక్ భాగాలు, రిమోట్ కూడా తరచు ఆ జాబితాలోనే ఉంటాయి. కాబట్టి ఏమిస్తారో చదివే ముందు ఏమివ్వరో చదవండి.

పాలసీ రాసేటప్పుడు నేను చెప్పే మాటే ఇక్కడా చెబుతాను: తట్టుకోలేని నష్టానికే బీమా. ఇంటి పెద్ద సంపాదన ఆగిపోతే ఆ ఇల్లు నిలవడం కష్టం. ఏసీ బోర్డు పోతే ఆ నెల ఇబ్బంది, అంతే. దానికి నెలకు 350 వేరే ఖాతాలో వేసుకుంటే సరిపోతుంది. రిపేరు రాకుంటే ఆ డబ్బు మనదే. మొదటి ఏడాది ఎటూ కంపెనీ వారంటీ ఉంటుంది కాబట్టి కొత్త మిషన్‌కు ఇంకో ఒప్పందం అక్కర్లేదు.

దూరం సంగతీ చూసుకోవాలి. ఫోన్ చేసిన కంపెనీ మనిషి రావలసింది ఒంగోలు నుంచి. రోహిణి కార్తెలో ఒంగోలులోనే అతనికి ఊపిరాడదు. రెండు రోజుల్లో వస్తామన్న హామీ పొదిలికి, కొనకనమిట్ల పల్లెలకు వర్తిస్తుందా, రాకపోతే ఏం చేస్తారు? ఈ రెండూ కాగితం మీద ఉండాలి. ఉండీ తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు.

మరి ఎవరికి లాభం? నాలుగైదు ఏసీలున్న ఆసుపత్రికి, లాడ్జికి. అక్కడ ఒక్కరోజు ఆగినా వ్యాపారం పోతుంది, బేరమాడే వీలూ ఉంటుంది. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు కూడా. వాళ్లకు 44 డిగ్రీల ఎండలో మెకానిక్ కోసం తిరగడమే తట్టుకోలేని నష్టం. మా అత్తగారింటికి నేనే దగ్గరుండి తీయించాను. మా ఇంటికి తీసుకోలేదు.

చలికి ఇల్లు వెచ్చబెట్టుకునే అవసరం మనకు లేదుగాని, గీజరును మరిచిపోకూడదు. నీళ్లనగానే మన వైపు ఫ్లోరైడ్ గురించే మాట్లాడుకుంటాం. గీజరును తినేది మాత్రం బోరు నీళ్లలోని సున్నం. కాయిల్ మీద తెల్లగా పెచ్చు కడుతుంది, నీళ్లు కాగడం ఆలస్యమవుతుంది, చివరికి కాయిల్ కాలిపోతుంది. ఏడాదికోసారి విప్పించి పెచ్చు గీకించండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ లోపల ఉంటుంది, అరిగితే మార్పించండి. దీనికి ఒప్పందం అక్కర్లేదు, తెలిసిన ఎలక్ట్రీషియన్ చాలు.

ఒప్పందం ఉన్నా లేకున్నా, పదిహేను రోజులకోసారి ఫిల్టరు తీసి కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టే పని మాత్రం మనదే. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ 24 డిగ్రీల సెట్టింగుతోనే వస్తున్నాయి. దాన్ని 18కి దించకండి. డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. సర్వీసు ఫిబ్రవరిలోనే చేయించుకోండి. ఏప్రిల్‌లో ఫోన్ చేస్తే మెకానిక్ మీ వరస రేపంటాడు, ఎల్లుండంటాడు.