నీటిని తాగి నడిచే ఇంజిను: ఔట్‌బోర్డ్ మోటారు సంరక్షణ



కోల్‌కతాలో ఏక్‌బాల్‌పూర్ నుంచి కొద్ది దూరం వెళితే ఖిదిర్‌పూర్ రేవు వస్తుంది. 1892లో మొదలైన ఈ రేవు సముద్రం ఒడ్డున లేదు, హుగ్లీ నది ఒడ్డున ఉంది. నది తెచ్చే ఒండ్రు పేరుకుపోయి ఓడల దారి పూడిపోతూ ఉంటుంది. 1975లో ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలుపెట్టి గంగ నీటిని ఇటు మళ్లించడానికి ముఖ్య కారణం ఆ ఒండ్రును కడిగివేయడమే. పెద్ద ఓడలకే తలనొప్పి అయిన ఈ ఒండ్రు, ఒక చిన్న పడవ వెనక బిగించిన ఔట్‌బోర్డ్ మోటారును ఏం చేస్తుంది? ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది అదే. దానితోపాటు, ఆ మోటారును మెకానిక్కు సాయం లేకుండా మనమే ఎంతవరకు చూసుకోవచ్చో కూడా చూద్దాం.

ఒకసారి నీటి నమూనాల కోసం నేనూ, నలుగురు విద్యార్థులమూ ఖిదిర్‌పూర్ దగ్గర పడవ ఎక్కాం. పడవ నడిపే అతనిది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంజిను చక్కగా మోగుతోందని నేనంటే అతను నవ్వి, "మాస్టారూ, ఇంజిను సప్పుడు ఇనకండి. ఎనకాల నీల్ల దార సూడండి" అన్నాడు. మోటారు పక్కనుంచి పెన్సిలంత లావున నీటి ధార కారుతోంది. కాసేపటికి అది దారంలా సన్నబడింది. అతను వెంటనే ఇంజిను ఆపేశాడు. అప్పుడు పాటు సమయం. నీరు సముద్రం వైపు లాగుతోంది. లంగరు వేసి ఉన్న బార్జీల వైపు మా పడవ కొట్టుకుపోసాగింది. ఇద్దరు కుర్రాళ్లు తెడ్లు అందుకున్నారు. అతను మాత్రం తొందరపడకుండా జేబులోంచి సన్నని తీగ తీసి, ధార వచ్చే రంధ్రంలో దూర్చి తిప్పాడు. నల్లటి మట్టి ముద్ద బయటపడింది. మళ్లీ స్టార్టు చేయగానే ధార యథాప్రకారం వచ్చింది. అదృష్టవశాత్తు అడ్డుపడింది ఆ రంధ్రమే. పంపు పాడైపోయి ఉంటే తీగతో పని జరిగేది కాదు.

ఆ ధార ఎందుకంత ముఖ్యం? కారులోనైతే ఇంజినును చల్లబరిచే నీరు రేడియేటరులో తిరుగుతూ ఉంటుంది. బయటి నీటితో దానికి సంబంధం లేదు. 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓల్ ఎవిన్‌రూడ్ ఔట్‌బోర్డ్ మోటార్ల తయారీ మొదలుపెట్టినప్పటి నుంచి ఈ యంత్రానికి రేడియేటరు అవసరం పడలేదు. చుట్టూ నీళ్లే ఉండగా దాన్ని మోసుకుతిరగడం ఎందుకు? ప్రొపెల్లరుకు పైనున్న జల్లెడ గుండా నది నీరో, సముద్రపు నీరో లోపలికి వెళ్లి, సిలిండర్ల చుట్టూ తిరిగి, వేడిని తీసుకుని బయటికి వచ్చేస్తుంది. అందులో కొద్ది భాగం మనకు కనిపించేలా పక్కనుంచి ధారగా పడుతుంది. మనిషికి నాడి ఎలాంటిదో ఇంజినుకు ఆ ధార అలాంటిది.

ఈ నీటిని పైకి పంపేది ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం. దాని రెక్కలు పువ్వు రేకుల్లా ఉంటాయి. అది తిరిగే గుండ్రటి గది మధ్యలో కాక, కొంచెం పక్కకు ఉంటుంది. అందువల్ల ఒక వైపు రెక్కలు విచ్చుకుంటాయి, మరో వైపు ముడుచుకుంటాయి. విచ్చుకునే చోట రెక్కల మధ్య ఖాళీ పెరిగి, పీడనం తగ్గి, నీరు లోపలికి వస్తుంది. ముడుచుకునే చోట నీరు బయటికి నెట్టబడుతుంది. రబ్బరుకూ గది గోడకూ మధ్య కందెనగా పనిచేసేది ఆ నీరే. ఒండ్రు కలిసిన నీరు గరుకు కాగితంలా రెక్కల అంచులను అరగదీస్తుంది. నీరే లేకపోతే ఇంకా ప్రమాదం. నేనే ఒకసారి తరగతిలో చూపిద్దామనే ఉత్సాహంలో ఒక పాత మోటారును స్టాండు మీద నీళ్లు లేకుండా నడిపాను. నిమిషం కూడా కాలేదు. రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఆ పాఠానికి నేనే రుసుము చెల్లించాను.

ఇంపెల్లర్‌ను మార్చడం మీరే చేయగల పని. ఇంజిను ఆపి, స్పార్క్ ప్లగ్గుల తీగలు ఊడదీయండి. కింది గేరుపెట్టెను పట్టి ఉంచే బోల్టులను పానాతో విప్పి, దాన్ని నిదానంగా కిందికి లాగాలి. కొన్ని మోడళ్లలో ముందుగా గేరు కడ్డీని విడదీయాలి. ఏ మోడలుకు ఏది అన్నది కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పంపు మూత తీస్తే ఇంపెల్లర్ కనిపిస్తుంది. దాన్ని షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క జారి పోకుండా చూసుకోండి. కొత్తదానికి సబ్బునీళ్లు రాసి, ఇంజిను తిరిగే దిశలోనే షాఫ్టును తిప్పుతూ గదిలోకి దించాలి. అప్పుడే రెక్కలు సరైన వైపుకు వంగుతాయి. పాతదానిలో ఒక రెక్క విరిగి ఉంటే ఆ ముక్క ఎక్కడో నీటి దారిలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వెతికి తీయకుండా మూత బిగించవద్దు. పుస్తకాలు గంటల లెక్కో సంవత్సరాల లెక్కో చెబుతాయి. హుగ్లీ వంటి బురదనీటిలో నడిపేవారు ఆ లెక్కకు ముందే విప్పి చూడటం మంచిదని నా అభిప్రాయం.

నది సంగతి ఇది. మన కాకినాడ, ఉప్పాడ, విశాఖ తీరాల్లో ఒండ్రుకు తోడు ఉప్పు కూడా ఉంటుంది. సముద్రపు నీటిలో సగటున లీటరుకు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. (ఫైబరు తెప్పల మీద పొడవాటి కడ్డీ చివర ప్రొపెల్లరు ఉండే డీజిలు ఇంజిన్లు మీరు చూసే ఉంటారు. వాటిలో చాలావాటిని గాలే చల్లబరుస్తుంది కాబట్టి నీటి పంపు గొడవ వాటికి లేదు.) ఇంజిను ఆగాక లోపల మిగిలిన నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఇది అందరికీ తెలిసినదే. తెలియని సంగతి ఇంకొకటి ఉంది. చక్కెర వేడినీళ్లలో ఎక్కువగా కరుగుతుంది. కాల్షియం కార్బనేటు, కాల్షియం సల్ఫేటు అందుకు భిన్నం. నీరు బాగా వేడెక్కితే అవి కరగడం మానేసి గోడలకు పెచ్చులా అంటుకుంటాయి. మీ ఇంట్లో నీళ్లు కాచే హీటరు కడ్డీ మీద తెల్లటి పొర అటువంటిదే. అందుకే కారు ఇంజిను 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడిస్తే, చాలా ఔట్‌బోర్డ్ మోటార్లలో థర్మోస్టాట్ 50, 60 డిగ్రీల ప్రాంతంలోనే తెరుచుకుంటుంది.

కాబట్టి వేట నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో లోపల కడగాలి. పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు నింపి, జల్లెడ మునిగేలా మోటారును దించి, 10 నిమిషాలపాటు న్యూట్రల్‌లో, తక్కువ వేగంతో నడపండి. ప్రొపెల్లరు దగ్గరికి చేతులు పోనివ్వవద్దు. దాన్ని ముందే ఊడదీసి పెట్టుకోవడం ఇంకా క్షేమం. పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది కనుక ఈ పని ఆరుబయటే చేయాలి.

ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తగులుతూ ఉంటే అది బ్యాటరీ అవుతుందని మీరు ప్రయోగశాలలో చూశారు. అల్యూమినియం ఒంటికి ఉక్కు షాఫ్టు తగిలించిన మన మోటారు కూడా ఒక బ్యాటరీయే. 1824లో సర్ హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉండే రాగి రేకులను కాపాడటానికి వాటికి జింకు, ఇనుము ముక్కలు తగిలించమన్నాడు. ఆ ముక్కలు తాము కరిగిపోతూ రాగిని కాపాడాయి. అయితే రాగి కరగడం ఆగిపోయేసరికి నాచు, నత్తలు ఓడలకు హాయిగా అతుక్కున్నాయి! విజ్ఞానంలో ఇలాంటి చమత్కారాలు తప్పవు. మీ మోటారుకు కింద బిగించిన బూడిదరంగు లోహపు ముక్క డేవీ ఆలోచనకు వారసురాలే. అది సగానికి పైగా కరిగితే మార్చండి. అందం కోసం దానికి రంగు పూశారంటే దాని పని ఆగిపోతుంది.

గేరు ఆయిలు విషయం తేలిక. గేరుపెట్టెకు కిందొకటి, పైనొకటి మరలు ఉంటాయి. రెండూ విప్పితే పాత ఆయిలు కారుతుంది. అది పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరిందన్నమాట. తరచుగా దీనికి కారణం ప్రొపెల్లరు షాఫ్టుకు చుట్టుకున్న గాలపు తాడో, వల పోగో. అది రబ్బరు సీలును కోసేస్తుంది. కొత్త ఆయిలును పైనుంచి పోయకూడదు. కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలో కనిపించేదాకా నింపాలి. అప్పుడు లోపలి గాలి పైకి పోతుంది.

ఇంధనం దగ్గర కొత్త చిక్కు వచ్చింది. మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కు నీరంటే ప్రీతి. పడవలోని ట్యాంకులో తేమ ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. ఇంజిను పీల్చేది అడుగు నుంచే. టూ స్ట్రోక్ ఇంజిన్లలో పెట్రోలులో ఆయిలు కలుపుతాం కదా, చాలా మోడళ్లకు 50 పాళ్లకు 1 పాలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఆ ఆయిలు పై పొరలోనే ఉండిపోతుంది. కందెన అందని పిస్టన్ సిలిండరులో పట్టేస్తుంది. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు వాడకండి. గాజు గిన్నె ఉన్న ఫిల్టరు ఉంటే అడుగున నీటి పొర కంటికే కనిపిస్తుంది.

స్పార్క్ ప్లగ్గు విప్పి దాని కొన చూడండి. లేత గోధుమరంగు మంచి లక్షణం. నల్లటి మసి ఉంటే పెట్రోలో, ఆయిలో ఎక్కువవుతోంది. తెల్లగా పాలిపోయి ఉంటే ఇంజిను మితిమీరి వేడెక్కుతోంది. అప్పుడు మళ్లీ నీటి ధార దగ్గరికి వెళ్లాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పడవలు వీధుల్లో తిరిగాయి. వీధి నీటిలో ప్లాస్టిక్ సంచులు తేలుతూ ఉంటాయి. ఒక్క సంచి జల్లెడకు అతుక్కుంటే చాలు, ధార ఆగుతుంది. అలాంటప్పుడు వెంటనే ఇంజిను ఆపి, కీ తీసి, మోటారును పైకి వంచి సంచి లాగాలి. నడుస్తున్న ఇంజినును వంచి చేయి పెట్టడం వేళ్లు పోగొట్టుకోవడమే. నడిపేవారి మణికట్టుకు కట్టుకునే ఎర్ర తాడు కూడా మరువకూడదు. మనిషి నీటిలో పడితే ఆ తాడు ఊడి ఇంజిను ఆగిపోతుంది.

మోటారే మునిగిపోతే? బయటికి తీసిన వెంటనే మంచినీటితో కడిగి, ప్లగ్గులు విప్పి, తాడుతో నెమ్మదిగా తిప్పి లోపలి నీటిని బయటికి పంపాలి. తాడు బిగుసుకుంటే బలవంతం చేయవద్దు. నీరు నలగదు కాబట్టి లోపలి కడ్డీలు వంగుతాయి. నీరంతా పోయాక సిలిండర్లలో కొద్దిగా ఆయిలు పోయాలి. ఫోర్ స్ట్రోక్ అయితే పాత ఆయిలంతా మార్చాలి. ఆ తరువాత అదే రోజు మెకానిక్కు దగ్గరికి చేర్చాలి. మర్నాటికి వాయిదా వేస్తే గాలి తగిలిన బేరింగుల మీద తుప్పు మొదలవుతుంది. అంత త్వరగా మెకానిక్కు దొరకకపోతే, దాన్ని విప్పేవారు వచ్చేదాకా మంచినీటి డ్రమ్ములోనే ముంచి ఉంచడం మేలు.